పిడికెడు బియ్యం

ఎల్లన్న ఉమ్మిన బియ్యం తడిసి ముద్దగా పడింది. పర్శరాములు నోట్లోంచి మాత్రం పొడి పిండిలా రాలింది.

"సూసిన్రా," అన్నాడు వినయ్. "తప్పు జేసినోని నోట్లె ఉమ్మి ఊరదు. ఊకెనే అన్నరా పెద్దలు?"

పన్నెండున్నరకు ఒంటిపూట బడి విడిచి మూడు గంటలవుతోంది. ఎరువుల వ్యాపారి నర్సింహ మనుమరాలు, ఆరేళ్ల సాత్విక, ఇల్లు చేరలేదు. రోజూ ఆమెను తెచ్చేది పర్శరాములు ఆటో. గల్లీ మొదట్లో దింపానని అతని మాట. ఆ వేళ గల్లీలో ఉన్నది గోదాం హమాలీ ఎల్లన్న. అందుకే నర్సింహ తమ్ముడి కొడుకు వినయ్ ఇద్దరినీ గోదాంలోకి పిలిచి బియ్యం నమిలించాడు. ఊళ్లో కమ్మలు పోయినా, కోడి పోయినా పెట్టే పరీక్షే అది.

"సాత్విక దోస్తుల ఇండ్లల్ల అడిగొస్త మామయ్యా," అని నర్సింహ కోడలు, పిల్ల తల్లి ప్రసూన బయల్దేరబోయింది.

"ఇంక అడుగుడేంది వదినా? దొంగ దొరికిండు గద," అని వినయ్ ఆపాడు.

నర్సింహకు బియ్యం మీద నమ్మకం లేదు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో సంచి మీది బొమ్మ చూసి విత్తనం కొన్నవాడు కాదు. పైగా పర్శరాములుకు షుగరని అతనికి తెలుసు. నిరుడు దుకాణం ముందే కళ్లు తిరిగి పడిపోతే దవాఖానకు తీసుకుపోయింది తనే. నోరు ఎండిపోతుంటుంది, నీళ్లు దగ్గర పెట్టుకోమని డాక్టరు చెప్పినప్పుడు పక్కనే ఉన్నాడు.

ఆ ఒక్క మాట ఇప్పుడు అంటే సరిపోయేది. అనలేదు. ఒక పక్క పిల్ల ప్రాణం, ఇంకో పక్క ఒక మనిషి ఒళ్లు. వీడు దొంగైతే పిల్ల దొరుకుతుంది. కాకపోతే దెబ్బలు ఎనిమిది రోజుల్లో మానతాయి. ఎటు తూచినా ముల్లు ఒక దిక్కే మొగ్గింది.

"పటేలా, నీకెరకే గద..." అంటూ పర్శరాములు అతని మొహంలోకి చూశాడు.

నర్సింహ షట్టరు సగం దించాడు. "పిల్ల యాడుందో అడుగుర్రి," అన్నాడు.

డ్రిప్పు పైపు ముక్కతో వినయ్ వాళ్లు అరికాళ్ల మీద కొట్టారు. మొదటి పది దెబ్బలకూ పర్శరాములుది ఒకటే మాట: "గల్లీ మొదట్లనే దింపిన." ఆ తర్వాత, "ఏం జెప్పమంటరో చెప్పున్రి, గదే జెప్త," అన్నాడు.

"మర్కూక్ దిక్కు తీస్కపోయినవా?"

"ఆ. మర్కూకే."

"కట్ట కాడనా?"

"ఆ. కట్ట కాడనే."

నాలుగు బైకులు, ఒక కారు మర్కూక్‌కు ఉరికాయి. జలాశయం కట్ట పొడుగునా తిరిగారు. నీళ్లవైపు చూడలేక నర్సింహ గడియారం చూసుకున్నాడు. అప్పుడు తట్టింది. ఆటోకు ఇది రానుపోను మూడు గంటల దారి. రెండింటికి పర్శరాములు ఆటో అడ్డా మీదే తనకు కనిపించాడు. రూపాయి సరుకుకైనా నాలుగుసార్లు లెక్క చూసుకునే తాను, ఈ లెక్క ఒక్కసారి చూసుకోలేదు.

ఆరున్నరకు ప్రసూన ఫోన్ చేసింది. వెనక గల్లీలో ఉండే మైత్రి, సాత్విక ఒకే తరగతి. మైత్రి అమ్మమ్మ ముంజలు తినిపిస్తానని గల్లీ మొదట్లోంచే ఇద్దరినీ తమ ఊరు చింతమడకకు తీసుకుపోయిందట. చెబుదామంటే ఆమె ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందట. పిల్ల నవ్వుకుంటూ వచ్చిందట.

మర్నాడు పొద్దున నర్సింహ పండ్ల సంచీ, ఒక కవరూ పట్టుకుని పర్శరాములు ఇంటికి పోయాడు. రెండు పాదాలకూ కట్లతో అతను మంచం మీద ఉన్నాడు. భార్య అమృతమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"ఎట్లున్నయిరా కాళ్లు?"

"బ్రేకు మీద ఆనుతలేవు, పటేలా."

"దవాఖాన ఖర్చంత నాదే. మానేదాక ఇల్లు గూడ నేనే సూసుకుంట. నీ బిడ్డ గట్ల కనిపియ్యకపోతే నువ్వు గూడ గదే జేస్తుంటివి."

పర్శరాములు మోచెయ్యి ఆనించి లేచి కూర్చున్నాడు. "జేస్తుంటినేమో. గా యాల్ల మనిషికి తెలివుండది. వినయ్ పటేలుకు నా షుగర్ సంగతి తెల్వది, కొట్టిండు. నీకు తెలుసు."

"గా గడబిడల యాదికి రాలేదురా."

అమృతమ్మ కవరు వైపు చూడలేదు. చేటలోంచి పిడికెడు బియ్యం తీసి నర్సింహ అరచేతిలో పోసింది.

"యాదికి రాలేదంటివి గద. నములు పటేలా."

"గివి నేను నమ్మనమ్మా."

"నిన్న నమ్మినవా?"

నర్సింహ చెయ్యి నోటిదాకా లేవలేదు, గింజలను కిందా పోయలేదు. అమృతమ్మ చీపురు తెచ్చి, అతని కాళ్ల ముందు ఉమ్మేందుకు జానెడు జాగ శుభ్రంగా ఊడ్చి, పక్కకు జరిగి నిలబడింది.