నున్నటి కళ్ల ఈగ

ఈగ పోయింది ఆదివారం పూట. టీచరమ్మ కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి ఆడపడుచు ఇల్లంతా అద్దంలా తుడిచిపెట్టి, మెప్పు కోసం గుమ్మంలోనే నిలబడి ఉంది.

"వదినా, అన్నయ్య బల్ల మీద అగ్గిపెట్టెలో ఈగ చచ్చి పడుంది. ఛీ, ఎన్నాళ్లయిందో ఏమో! పెట్టెతో సహా పారేశా."

"ఎక్కడ?"

"చెత్తబండిలో. ఇప్పుడే వెళ్లింది. ఏం, అగ్గిపుల్లలు కావాలా?"

టీచరమ్మ సంచీ కింద పెట్టింది. 

"ఆ ఈగని మీ అన్నయ్యే దాచారమ్మాయ్," అంది, తరగతిలో పిల్లలెవరైనా సిరా ఒలకబోస్తే మాట్లాడే గొంతుతో.

ఆయన పోయి చలికాలం దాటింది. బతికినన్నాళ్లూ వీధి చివర స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీశారు. తీరిక దొరికితే పురుగుల ఫొటోలు తీశారు. ఆమె పనిచేసే బడి వరండాలో ఆ పురుగులన్నీ ఫ్రేముల్లో వేలాడుతున్నాయి, ఒక్కోదాని కింద దాని పేరుతో. చివరి ఫ్రేము కింద మాత్రం పేరు లేదు. ఆ పేరేదో కనుక్కుని రాయాలన్నదే ఇప్పుడు ఆమె పట్టుదల.

ఆ చివరి ఫొటో ఈ ఈగదే. కుండీలోని నిమ్మమొక్క మీద దొరికిన గొంగళిపురుగును ఆయన సీసాలో పెంచారు. సీతాకోకచిలుక కోసం కాచుకుంటే, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, అందులోంచి ఈగ వచ్చింది. తల్లి ఈగ గొంగళి మీద గుడ్డు పెట్టిందట. లోపల చేరిన పిల్ల అద్దె కట్టకపోగా ఇంటినే తినేసిందన్నమాట. ఆయన దాన్ని పాస్‌పోర్టు ఫొటోకి ఎదురుగా కూర్చోబెట్టినట్టు, రెండు చెవులూ కనపడాలన్నంత శ్రద్ధగా, బాగా దగ్గరనుంచి ఫొటోలు తీశారు. ఈగకు చెవులు కనపడవు కదా అని ఆమె అంటే, "ఉంటే కనపడేవి" అన్నారు.

ఈగ పోయాక మిగిలినవి ఆ ఫొటోలే. వాటిని ఆమె ఈగల మీద పరిశోధనలోనే జుట్టు నెరిసిన ఒక మ్యూజియం పెద్దాయనకు పంపింది. రెండోరోజే ఫోనొచ్చింది.

"టీచర్ గారూ, నాకు నిద్ర పట్టట్లేదండీ! ఈ రకం ఈగలకు కళ్ల మీద నూగు ఉండాలి. మీ ఈగ కళ్లేమో గుండు గీయించినట్టు నున్నగా ఉన్నాయి. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. కొత్తదని తేలితే మీవారి పేరే పెడదాం."

పక్కనుంచి వింటున్న ఆడపడుచు ఎగిరి గంతేసింది. "అన్నయ్య పేరు పుస్తకాలకెక్కుతుంది వదినా! ఇంక అగ్గిపెట్టె పారేసిన పాపం నాకంటదు."

టీచరమ్మ కంప్యూటరు ముందు కూర్చుని ఫొటోను పెద్దది చేసింది. కళ్లు నిగనిగలాడుతున్నాయి. చెంప మీద ఒక్క వెంట్రుక లేదు. పెళ్లి సంబంధానికి ఫొటో తీయించుకున్నట్టుంది ఈగ.

అప్పుడు అర్థమైంది ఆమెకు. స్టూడియోకొచ్చిన ఎవరి ముఖాన్నీ ఆయన ఉన్నదున్నట్టు పంపలేదు. మొటిమలు తీసేవారు, మీసాలు సర్దేవారు. పెళ్లయిన కొత్తలో ఆమె గడ్డం మీది పుట్టుమచ్చను చెరిపేస్తే, "ఈవిడెవరో నాకు తెలియదు" అని ఫొటో వెనక్కిచ్చేసింది. ఆ తర్వాత ఆయన ఆమె ఫొటోలు దిద్దే జోలికి మాత్రం వెళ్లలేదు.

"అమ్మాయ్, మీ అన్నయ్య ఈగకు క్షవరం చేశారు."

"ఏంటీ?"

"కళ్లూ చెంపలూ నున్నగా దిద్దేశారు."

ఆడపడుచు గొంతు తగ్గించింది. "అది మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు? ఈగ వచ్చి సాక్ష్యం చెప్పదుగా!"

"చెప్పదు. నువ్వు పారేశావుగా."

"దెప్పకు వదినా. పోనీ, ఆ ఒక్క పేరూ ఉండనిస్తే ఏం పోతుంది?"

 ఆయన పేరు ఏనాడూ స్టూడియో బోర్డు దాటి పోలేదు. అచ్చులో చూసుకోవాలని టీచరమ్మకూ ఉంది.

"పిల్లలు తప్పు రాస్తే ఎర్రసిరాతో కొట్టేస్తాను," అంది చివరికి. "మీ అన్నయ్య కోసం వేరే సిరా ఎక్కణ్నుంచి తేను?"

పెద్దాయనకు ఫోను చేసి ఉన్న సంగతి చెప్పింది.  అవతల నవ్వు, ఆగని నవ్వు. "ఈగకు సింగారం చేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానండీ! దిద్దనిది ఒక్కటైనా ఉందేమో వెతకండి."

ఆయన పనికిరావని పక్కన పడేసిన ఫొటోల్లో ఆడపడుచుకే ఒకటి దొరికింది. "ఇదిగో! సరిగ్గా తీసే సమయానికి తల తిప్పేసింది. అచ్చం చిన్నప్పుడు నాలాగే!" కంటి అంచున నూగు, వీపు మీద ముళ్లలాంటి వెంట్రుకలు, అన్నీ ఉన్నాయి.

"కొత్తదేం కాకపోవచ్చండీ," అన్నాడు పెద్దాయన, పంపిన ఆ ఫొటో చూసి. "ఈగలకూ మనలాగే ఇంటిపేరు, పేరు ఉంటాయి. ఇంటిపేరు గట్టిగా చెప్పగలను. పేరు తేలాలంటే పొట్ట చివర విప్పి చూడాలి. ఈగ ఉందా?"

టీచరమ్మ ఆడపడుచు వైపు చూసింది. ఆడపడుచు కిటికీ వైపు చూసింది.

"లేదండీ. మా ఇంటి శుభ్రతకు బలైపోయింది."

మర్నాడు బడి వరండాలో ఆమె చివరి ఫ్రేము దించి, నున్నటి ఫొటో తీసేసి, తల తిప్పిన ఫొటో పెట్టింది. కింద గుండ్రటి అక్షరాలతో ఇంటిపేరు రాసింది.

నిమ్మమొక్క మీద మళ్లీ గొంగళిపురుగులు కనపడుతున్నాయి. వాటిలో ఏ ఈగ దాగుందోనని ఆడపడుచు చీపురు పట్టుకుని అటువైపు వెళ్లడం మానేసింది. ఇంటిపేరు పక్కన పేరు రాయడం ఇంకా మిగిలే ఉంది.