సున్నా కొస

చీపురుపల్లిలో ఎత్తయిన మేడ ఎవరిదన్న గొడవ వర్తక సంఘం పెట్టిన చిచ్చే. ఊళ్లోకల్లా ఎత్తయిన మేడ ఏదో తేల్చి, దాన్ని కట్టిన మేస్త్రి పేరు సంఘం గుమ్మం పక్కన రాతిపలక మీద చెక్కిస్తామని చాటారు. పోటీలో నిలిచినవి రెండే. బట్టల కొట్టు తిరుమలరావు మేడ రాంబాబు కట్టాడు. కిరాణా ధర్మారావు మేడ దుర్గ కట్టింది.

దుర్గకు ఆ పలక కావాలి. పదేళ్లు రాంబాబు దగ్గరే సిమెంటు తట్ట మోసింది. కొలతలప్పుడు టేపు సున్నా కొస నేలకు అదిమి పట్టుకుని కూర్చునేది. "నొక్కి పట్టవే!" అని పైనుంచి అరుస్తూ అంకె చదివేది మాత్రం ఎప్పుడూ రాంబాబే. ఇప్పుడు సొంతంగా ఐదంతస్తులు లేపినా, ఊరికి ఆమె ఇంకా తట్ట మోసే దుర్గే. రాయి మీద పేరు పడితే గాని ఈ నోళ్లు మూతపడవు.

కొలవడానికి ఇంజనీరు కన్యాకుమారి వచ్చింది. రాగానే తిరుమలరావు తన మేడ మీద నిలబెట్టిన పన్నెండడుగుల ఇనప శిఖరం చూపించాడు. ధర్మారావు ఊరుకుంటాడా? తన డాబా మీది ఇరవై అడుగుల సెల్ టవర్ చూపించాడు.

"రెండూ వొద్దు మేడమ్," అంది దుర్గ.

ధర్మారావు గబుక్కున అడ్డుపడ్డాడు. "మన టవరే పెద్దది కదే!"

"పెద్దదే బాబూ. అది నాను కట్టిందేటి? గడ్డిమేటు ఎత్తు సూసినప్పుడు నడిమిన గుంజని కలుపుతామేటి? పిట్టగోడ దాకానే మేడ. ఆ పైనున్నదంతా తురాయే."

సరేనని రోడ్డు మీద నుంచి పిట్టగోడ దాకా కొలిచారు. రాంబాబు మేడ అరవై ఒక్క అడుగుల నాలుగంగుళాలు. దుర్గది అరవై అడుగుల రెండంగుళాలు. రాంబాబు మీసం దువ్వాడు. "టవరు ఒగ్గేసి సేతులారా సెడగొట్టుకున్నాది," అన్నారు చూడవచ్చినవాళ్లు.

దుర్గ కంగారు పడలేదు. గునపం తెప్పించింది.

"పైది తేలింది. కిందది సూడాల గదా మేడమ్. నాను మేడ కట్టినప్పుడు ఈ సిమెంటు రోడ్డు నేదు. పోయినేడు ఏసినారు. నా మెట్లు మూడు దీని కిందన ఉన్నాయి."

రాంబాబు పకపకా నవ్వాడు. "అయితే పునాది కాణ్ణించి కొలవమంటావేటే? నా పునాదీ నూతిలోతున్నాది!"

"పునాది మీద కాలెట్టి ఎవులు లోనికెల్తారు మావా? ఇయి జనం ఎక్కి దిగిన మెట్లు. మనిసి అడుగెట్టిన కాడ మేడ మొదలవుతాది. రోడ్డు పెరిగితే నా మేడెలా తరుగుతాది?"

కన్యాకుమారి ఒక్క క్షణం ఆలోచించింది. "న్యాయమే. మెట్లు కనబడితే అక్కణ్ణించే కొలుద్దాం," అంది. తిరుమలరావు మేడ రోడ్డు పడ్డాక కట్టింది కాబట్టి, దాని కింద తవ్వినా దొరికేదేమీ లేదు.

రోడ్డు వార కంకర తవ్వారు. ఒక మెట్టు బయటపడింది, దాని కింద ఇంకోటి, ఆ కింద మూడోది. ఒక్కోటీ సరిగ్గా ఆరంగుళాలు. ఏడాదిగా మట్టిలో ఉన్నా అంచు చెదరలేదు. రాంబాబు వంగి ఆ అంచు మీద బొటనవేలు నడిపించాడు. నీళ్లు నిలవకుండా ముందుకు రవంత వాలు. అది తను నేర్పిన పనే. అలాంటి పని కళ్లారా చూశాక కాదనడానికి ఏ మేస్త్రికీ నోరు రాదు.

సున్నా కొస పట్టుకుని కూలి మనిషి గోతిలోకి దిగబోతుంటే రాంబాబు ఆపాడు. లుంగీ ఎగ్గట్టి తనే దిగి, మూడో మెట్టు అడుగున టేపు ఆనించాడు.

"అలా సూస్తావేటే? పైకెల్లు," అన్నాడు. "ఎంతున్నాదో సదువు మేస్త్రీ."

దుర్గ ఐదంతస్తులూ ఆగకుండా ఎక్కింది. అంకె ఎంతో ఆమెకు కిందే తెలుసు. అయినా పిట్టగోడ మీంచి వంగి టేపు బిగించేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగి గీతలు అలుక్కుపోయాయి. కొంగుతో తుడుచుకుంది.

"నొక్కి పట్టు మావా!" అని కేకేసింది.

"పట్టినాన్లే, సదువు!"

"అరవై ఒకటీ ఎనిమిది!" బజారంతా వినబడేలా చదివింది దుర్గ.