పళ్ళు తీసి కూసిన వెర్ల్

మా మోంటానా కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి పోతును విల్లుతో వేటాడే పర్మిట్ లాటరీలో నాకు తగలడానికి పదహారేళ్ళు పట్టింది. నాకిప్పుడు డెబ్బై మూడు. ఇంకోసారి తగిలేనాటికి నన్ను మోసుకెళ్ళి కొండెక్కించాలి. కొడితే ఆ సెప్టెంబరులోనే కొట్టాలి.

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు నా బావమరిది వెర్ల్ స్టాకర్. మేమిద్దరం మాట్లాడుకుని ఆరేళ్ళయింది. దాణా కొట్లో పదిమంది ముందు నేనొక కథ చెప్పాను. వెర్ల్ వేసిన బాణం ఎల్క్‌ని వదిలేసి, కొండ చుట్టూ తిరిగొచ్చి, వాడి పికప్ ట్రక్కు టైరులోనే దిగిందని. టైరు మాట నిజం. కొండ చుట్టూ తిరగడం నేను కలిపాను. ఆనాటినుంచి ఊరంతా వాణ్ణి టైరు వెర్ల్ అనడం మొదలుపెట్టింది.

"నేను బతికుండగా నిన్ను ఈ కొండమీద పోతును కొట్టనివ్వను బావా" అన్నాడు వాడు, నాతో మాటలు మానేసే ముందు ఆఖరిమాటగా. నేను నవ్వాను.

వేట మొదలైన రెండోనాడు తెల్లవారుతుండగా పోతు కూత వినిపించింది. ఈలలా మొదలై, పైకి లేచి, చివర నాలుగు గురకలు. మొదట వెర్ల్‌నే అనుమానించాను. రబ్బరు పీక నోట్లో పెట్టుకుని వాడూ పోతులా బాగానే కూస్తాడు. కాని కట్టుడు పళ్ళు కదిలి చివర్లో కూత చీలిపోతుంది, ఆవు దగ్గినట్టు. ఇది చీలలేదు. అయితే కూసింది పోతు అన్నమాట.

పెంటి పిలిచినట్టు సన్నగా పిలిచాను. జవాబొచ్చింది, కాని ఇంకాస్త పైనించి. ఎక్కాను. మళ్ళీ పైనించే. రెండు గంటలు అలా ఎక్కించింది. నా మోకాళ్ళు నన్ను తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. ఆడదాని గొంతు వింటే అంత సిగ్గుపడే పోతు ఎక్కడా ఉండదని విసిగిపోయి, నేనూ పోతులా రంకె వేశాను.

మా ఇద్దరి రంకెలూ విని అసలు పోతుకి ఒళ్ళు మండింది. పక్కనున్న పైన్ చెట్లలోంచి దూసుకొచ్చి మా మధ్య నిలబడ్డాడు. ఒక కొమ్ముమీద వాలిన గద్ద రెండో కొమ్ముమీది గద్దతో మాట్లాడాలంటే అరవాలి, అంత ఎడం. సరే, కొంచెం తగ్గించుకోండి.

ఇరవై గజాల దూరం, నాకు అడ్డంగా తిరిగి ఉన్నాడు. విల్లు లాగాను. అప్పుడు పోతు కడుపు కిందనుంచి, కూలిన చెట్టు పక్కన, మోకాళ్ళమీద వెర్ల్ కనిపించాడు. నోటిదగ్గర కూత గొట్టం. చిగుళ్ళతో నవ్వుతున్నాడు. పోతులు తిరిగే లోయనుంచి నన్ను దూరంగా లాక్కుపోవడానికి, పళ్ళు తీసి జేబులో వేసుకుని మరీ కూశాడు.

అంత దగ్గరనుంచి వేస్తే బాణం పక్కటెముకల మధ్య దూరి అవతలికి పోతుంది. అవతల వెర్ల్. పోతు ఒక్కడుగు వేసినా చాలు, వాడు ఒక్క గజం జరిగినా చాలు. బాణం మొన చూసి వాడి నవ్వు పోయింది. అయినా జరగలేదు. చేతులు వణికేదాకా తాడు లాగిపట్టాను. దాచనెందుకు, ఆ క్షణాన పోతుకంటే వాడే మంచి గురిలా కనిపించాడు. చివరికి మెల్లగా తాడు దించాను. ఆ కాస్త కదలికకే పోతు కొండ దిగిపోయింది.

"చెయ్యి వణికిందా బావా?" అన్నాడు, పళ్ళు పెట్టుకుంటూ.

"అడ్డంగా కూర్చున్నావు."

"నేనా? నేనసలు ఈరోజు కొండే ఎక్కలేదు."

వేటరోజులు అయిపోయేదాకా ఇంకో పోతు కూత వినలేదు. పర్మిట్ వృథా అయిపోయింది.

దాణా కొట్లో జరిగింది జరిగినట్టు చెప్పాను. జీవితంలో మొదటిసారి ఏమీ కలపకుండా. గద్దల్ని కూడా వదిలేశాను. అందరూ పడీపడీ నవ్వారు. ఎవరో వెర్ల్‌ని నిజమేనా అని అడిగారు. వాడు పశువులు నాకే ఉప్పు దిమ్మ భుజానికెత్తుకుని నా కళ్ళలోకి చూశాడు.

"మా బావ కథలు మీకు కొత్తా?" అన్నాడు.

ఈ ఏడు పర్మిట్ వెర్ల్‌కి తగిలింది. నా పళ్ళన్నీ సొంతవే. నా కూత చీలదు.