ఒక్క గీత సిగ్నల్

రాజమౌళి పాత ఫోనును కిటికీ ఊచల మధ్య నిలబెట్టి, చార్జరు తగిలించి, వెనక్కి జరిగి నిలుచున్నాడు. మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం పైనున్న ఆ రెండు గదుల ఆఫీసులో సిగ్నల్ అన్నిటికంటే తక్కువ వచ్చే చోటు అదే. ఒక్క గీత. అద్దం మూలన పగిలిన ఆ ఫోనులోకి ఒక స్కానింగ్ రిపోర్టు దిగుతోంది. నలభై శాతం దగ్గర ఆగింది. ఆయన కదలలేదు. కాసేపటికి మళ్లీ నలభై నుంచే సాగింది, మొదటి నుంచి కాదు. అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

రోజూ పొద్దున ఆయన మొదటి పని ఇదే. యాభై ఆరేళ్లు. మోచేతుల దాకా మడిచిన చొక్కా, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు. కీబోర్డు మీద రెండు చూపుడు వేళ్లే ఆడతాయి గానీ తప్పు పడదు.

పద్దెనిమిదేళ్లు ఆయన ఒక స్కానింగ్ సెంటర్లో కిటికీ వెనక కూర్చుని ఎక్స్‌రే కవర్లు ఇచ్చాడు. చీటీ నంబరు చూసి, మనిషిని అడిగి, ఫిల్ము బయటికి తీసి సరిచూశాకే కవరు చేతిలో పెట్టేవాడు. రిపోర్టులు ఫోన్లలోకి వెళ్లాక ఆ కిటికీ మూసేశారు. రెండేళ్లు కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు అదే సెంటర్ వెబ్‌సైటులో ఎవరికీ కనబడని భాగం ఆయనది. రోగి డౌన్‌లోడ్ నొక్కగానే చీటీ నంబరు, ఫోను చివరి నాలుగంకెలు సరిచూసి, తాళం వేసిన ఫోల్డర్ నుంచి ఫైలు తీసి, చిన్న చిన్న ముక్కలుగా పంపే భాగం.

ఆ వెబ్‌సైటు పని చూసే ఈ ఆఫీసును నడిపే ఉదయ్ లోపలికి వస్తూ కిటికీ వైపు చూసి నవ్వాడు.

“కాకా, ఆ డబ్బా ఫోన్ మ్యూజియంల పెట్టరాదు?”

“మ్యూజియంల సిగ్నల్ మంచిగొస్తది. రోగుల ఊళ్లల్ల లెక్క, నాకు రాని జాగ కావాలె.”

పన్నెండు దాటాక ఆఫీసు ఫోను మోగింది. మాట్లాడుతున్నది కట్టమ్మ అనే ఆమె. తన అత్త సమ్మమ్మను తీసుకుని పెద్ద దవాఖానకు వచ్చింది. మొన్న తీయించిన స్కాన్ ఇప్పుడే దించుకుంది.

“పేరు మాదే, ఊరు మాదే సార్. వయసు ముప్పై ఒకటని రాసిండ్రు. మా అత్తమ్మకు అరవై దాటినయ్. డాక్టర్ ఒంటిగంటకు లేస్తడంట. ఇది చూసినంకనే ఆపరేషన్ సంగతి చెప్తడంట.”

రాజమౌళి ఉదయ్ వైపు చూశాడు. సెంటర్ వాళ్లు వెతుక్కోవడానికి తేలికగా ఉంటుందని, నిన్న సాయంత్రం ఫైళ్లన్నిటినీ ఒక తెరిచిన ఫోల్డర్లోకి, పేరూ ఊరూ పెట్టి కాపీ చేశానని, లింకులు అటు తిప్పానని ఉదయ్ మెల్లగా చెప్పాడు. సమ్మక్క దేవత పేరు పెట్టుకోని ఇల్లు దొరకని ఊళ్లవి. అదే ఊరి రెండో సమ్మమ్మ ఫైలు మొదటిదాని మీద పడింది.

“అసలుది పోయిందా కాకా?”

“నంబర్ మీదున్నది నంబర్ మీదనే ఉన్నది,” అన్నాడు రాజమౌళి. ఫోనులోకి, “ఫికర్ పడకమ్మా. చీటీ నంబర్ జర చదువు,” అన్నాడు.

ముందు తెరిచిన ఫోల్డర్ మూశాడు. తన పాత భాగాన్ని తిరిగి పెట్టాడు. చీటీ నంబరుతో అసలు ఫైలు తీసి, వయసు అరవై రెండని కళ్లతో చూసి, లింకు పంపాడు. పన్నెండూ నలభై.

తెర మీద అంకెలు కదిలాయి. ముప్పై. యాభై. అరవై రెండు దగ్గర ఆగాయి. దవాఖాన గోడలు మందం. ఉదయ్ మళ్లీ పంపబోయాడు.

“ఆగు. మళ్ల పంపితే మొదటి నుంచి దిగుతది. అది ఆగిన కాన్నుంచే లేస్తది, నేను చూసిన.”

నాలుగు నిమిషాలు ఇద్దరూ అంకెలనే చూశారు. అరవై మూడు. డెబ్బై. నూరు.

ఒంటిగంటకు కట్టమ్మ ఫోన్ చేసి, డాక్టర్ చూస్తున్నాడని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. తర్వాత రాజమౌళి రెండో సమ్మమ్మకు ఫోన్ చేసి, ఆమె రిపోర్టు వేరేవాళ్లు చూశారని దాచకుండా చెప్పాడు. ఆమె తిట్టింది. అంతా విన్నాడు. ఉదయ్ ఎదురుగా నిలబడి, చీటీ నంబర్ల ఫోల్డర్ తాళం ఇక తాను ముట్టనన్నాడు.

సాయంత్రం రాజమౌళి ఊచల మధ్య ఫోనులోకి ఒక పెద్ద ఫైలు దించడం మొదలుపెట్టాడు. రోజూ ఫోనును సొరుగులో పెట్టి వెళ్లేవాడు. ఆ రోజు బస్సు వేళయింది, ఫైలు సగమే దిగింది. పొద్దున చూసుకుందామని మెట్లు దిగాడు.

మర్నాడు పొద్దున ఇంట్లో చాయ్ తాగి, ఛాతీ బరువుగా ఉందన్నాడట. ఆటో వచ్చేలోపే పోయాడని ఆయన భార్య శకుంతల ఉదయ్‌కు ఫోన్‌లో చెప్పింది.

మూడో రోజు ఉదయ్ ఆఫీసు తెరిచాడు. వెబ్‌సైటు ఎక్కడా ఆగలేదు. ఆ మూడు రోజుల్లో దిగిన ప్రతి రిపోర్టునూ చీటీ నంబరుతో సరిచూశాడు. ఒక్కటీ పరాయి చేతికి వెళ్లలేదు. అప్పుడు లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

ఊచల మధ్య పాత ఫోను, చార్జరు తీగతో అలాగే నిలబడి ఉంది. పగిలిన మూల మీద సన్నటి దుమ్ము. తెర మీద ఒక్క గీత సిగ్నల్, దాని కింద ఆ సాయంత్రపు ఫైలు, పూర్తిగా దిగి.