ఊగుడు తగ్గేదాకా

బిందెలో నీళ్ల మీద మోదుగాకు ఊగుతోంది.

అటు... ఇటు... మళ్లీ అటు.

వాగు ఇసుకలో తవ్విన చెలమ దగ్గర కూర్చుని జంపక్క అత్త బిందె నింపింది. సగమే నిండింది. ఈ ఎండలకు చెలమ ఊరడం లేదు. నీళ్లు తొణకకుండా పైన ఆకు వేసి నా నెత్తిన పెట్టింది.

మా ఊళ్లో ఫోన్ పలకదు. ఈ వాగు గట్టునే పలుకుతుంది. అందుకే నీళ్లకు వచ్చాను.

పైన, ఆకాశంలో, మేం చేసిన చిన్న ఉపగ్రహం తూలుతోంది.

దాని ట్యాంకులోనూ సగమే ఇంధనం. అక్కడ బరువు లేదు — ఇంధనానికి అడుగంటూ లేదు. గోడ నుంచి గోడకు పాకుతుంది. అది కదిలితే ఉపగ్రహం ఒరుగుతుంది. ఒరిగిన ప్రతిసారీ లోపలి కంప్యూటర్ చిన్న ఇంజన్లు పేల్చి ఎదురు నెట్టింది. నెట్టిన ప్రతిసారీ ఇంధనం ఇంకా ఎగిరింది.

దాని తెలివి తెల్లారినట్టే ఉంది!

నెట్టడం ఆపేయండి, ఇంధనం దానంతటదే సద్దుమణుగుతుంది అని పొద్దున ఈ గట్టు మీది నుంచే ఫోన్‌లో చెప్పింది నేనే. ఆఫీసులో అందరూ కాదన్నారు. ఊరికే వదిలేస్తే సౌర పలకలకు ఎండ తగలదు, బ్యాటరీ చస్తుంది అన్నారు. నిజమే. అయినా మా పెద్ద ఇంజనీరు ఉదయ్ భాస్కర్ గారు నా మాట నమ్మి ఆపించారు.

అప్పటి నుంచీ భయం... ఒకటే భయం.

బిందెతో నాలుగడుగులు వేశానో లేదో ఫోన్ మోగింది. ఉలిక్కిపడి టక్కున ఆగాను. నీళ్లు ఎగిరి ముఖమంతా తడిసింది.

"ఉన్న సగం నీళ్లు నీ మొకానికే పాయె కోడలా!" అత్త పకపకా నవ్వి, బిందె దించి ఇసుకలో పెట్టింది.

"ప్రమీలా, సిగ్నల్ వచ్చింది. ఇంకా ఊగుతోంది." ఉదయ్ భాస్కర్ గారి గొంతు.

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదిమాను.

"పొద్దుటి కంటే తక్కువే. కానీ బ్యాటరీ దిగిపోతోంది. నెట్టమంటావా, భూమిని ఇంకో చుట్టు తిరిగొచ్చేదాకా ఆగమంటావా?"

ఎండబెట్టిన ఇప్పపూల వాసన వస్తోంది. బిందెలో ఆకు కేసి చూశాను.

"ఆగుదాం సార్."

"ఆలోచించే అంటున్నావా?"

"ఆగుదాం సార్. తగ్గుతోంది కదా."

ఫోన్ పెట్టేశాను. అత్త కొంగుతో నా ముఖం తుడిచింది.

"ఏమైందే? ఏడుస్తున్నవా?"

"లేదత్తా. ఊగుడు తగ్గుతున్నదట."

"గట్లనా? మరి కూసో. అది ఆగినంకనే పోదాం."

ఇద్దరం ఇసుకలో కూర్చున్నాం.

బిందెలో మోదుగాకు ఊగుతోంది.

అటు... ఇటు...

ఇందాకటి కంటే మెల్లగా.