ఇంట్లో చూసుకునేవారు

“నువ్వెటూ ముసలివాళ్ళ డాక్టరువే కదా, ఆ డాక్టరీ ఏదో ఇంట్లోనే చెయ్యి,” అన్నాడు మొగుడు, తాగేసిన గ్లాసు ఆమె చేతికిస్తూ. అతగాడు గుండెలు కోసే డాక్టరు. కోసి కుట్టినవాడే డాక్టరని, కుట్లు మానాక మనిషిని మంచం దింపి నడిపించేది పెద్ద చదువు చదివిన ఆయా అని ఆ ఇంట్లో లెక్క. నలుగురిలో అలాగే చెప్పి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఇరవై రెండేళ్ళు నవ్వింది పాపం, దవడలు నొప్పి పుట్టవూ?

ఇప్పుడు అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక కోలుకోవడానికి కోడలి వార్డుకే వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ వార్డంతటికీ కోడల్ని పెద్దను చేస్తూ కాగితం వచ్చింది. ఒకటో తారీకున చేరాలి. అత్తగారు ఇంటికి వెళ్ళేదీ ఆ వారమే. ఆ పదవి వద్దని రాసిచ్చి ఇంట్లో కూర్చోమన్నాడు మొగుడు. ఆడపడుచు ఫోన్ చేసి, ఊళ్ళోవాళ్ళ అమ్మలందరినీ చూస్తావు, మా అమ్మ బరువైందా వదినా అని దెప్పింది.

ఆ వార్డులో ఒక పద్ధతుంది, ఆమె పెట్టిందే. మనిషిని పంపేముందు, ఇంట్లో చూసుకునేవాళ్ళు మూడు పూటలు వచ్చి, మంచం మీంచి లేపడం, నడిపించడం, బాత్రూముకి తీసుకెళ్ళడం నేర్చుకోవాలి. చేతకాకపోతే పంపదు, మంత్రిగారి తల్లయినా సరే.

నర్సు అత్తగారి కాగితం సంతకానికి తెచ్చింది. ‘ఇంట్లో చూసుకునేవారు’ అన్నచోట ‘కోడలు’ అని అప్పటికే రాసి ఉంది.

“ఎవర్ని అడిగి రాశావు?”

“అడిగేదేముంది మేడం? కొడుకున్నవాళ్ళకి కోడలు, లేనివాళ్ళకి కూతురు. నేను చేరిన రోజు మీరే చెప్పారుగా.”

చెప్పింది. నిజమే, తనే చెప్పింది. ఎంతమంది కోడళ్ళు వచ్చారు ఆ వార్డుకి! బడి వదిలి ఒక పంతులమ్మ, కుట్టుమిషను మూసేసి ఇంకొకామె, చంకలో పిల్లతో మరొకామె. సెలవు దొరకదు మేడం అని గొణిగితే, మూడు పూటలే కదమ్మా అని బుజ్జగించింది. నీ మొగుడేడమ్మా అని ఒక్కరిని అడిగిన పాపాన పోలేదు. ఇంట్లో తన నెత్తిన పెట్టిన మాటనే ఇక్కడ తన చేత్తో అందరి నెత్తినా పెట్టింది.

ఆమె ఆ మాట కొట్టేసి, పైన ‘కొడుకు’ అని రాసింది. వెళ్ళి అత్తగారికి చూపించింది.

ముసలావిడ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. “వాడా? తాగిన గ్లాసు కూడా తియ్యడే. నన్ను కింద పడేస్తే?”

“పడెయ్యనివ్వను అత్తయ్యా. గుండె పట్టుకునే చేతులకు నడుం పట్టుకోవడం రాదా?”

అత్తగారు కాగితం తిరిగిచ్చేస్తూ, “అయితే ఆ చేతిగడియారం తీసేసి రమ్మను, గీరుకుంటుంది,” అంది.

ఆమె తన గదికి వచ్చి, ఒకటిన చేరుతున్నానని ముందు తన కాగితం మీద సంతకం చేసింది. తర్వాత మొగుడికి ఫోన్ చేసింది. అతను ఆపరేషన్లన్నాడు, తీరదన్నాడు, నేనేమిటి అన్నాడు. అన్నీ విని, ఆ కోడళ్ళందరితో అన్న మాటే, అంతే మెల్లగా అతనితోనూ అంది.

“మూడు పూటలే కదండీ.”