షెన్నోంగ్ చావు పాట

మా అత్తగారు చిన్ యూజెన్‌కు కోపం రావడం కొత్త కాదు. కానీ ఆ ఉదయం కొండమీద, వేదిక వెనక, ఉత్సవంవాళ్ళు ఇచ్చిన పసుపు పట్టు అంగీని ఆమె విప్పి కుర్చీ మీదికి విసిరినప్పుడు నాకు నిజంగానే భయమేసింది.

మా వైపు ఎవరైనా పోతే రాత్రి జాగారంలో డప్పు కొట్టి పాడేది ఆమే. జనానికి మూలికలు నేర్పిన ఆదిరాజు షెన్నోంగ్ కథ పాడందే శవం ఇల్లు కదలదు. ఏ ఆకు తిండో ఏ ఆకు విషమో తెలియక జనం చస్తుంటే, ఆయన కొయ్య నిచ్చెనలు కట్టుకుని ఈ కొండలెక్కి ప్రతి ఆకూ ముందు తన నోట్లో పెట్టుకున్నాడు. చివరికి పేగులు తెంచే తీగ నమిలి చచ్చిపోయాడు. ఈ కొండలకు ఆయన పేరే పెట్టారు.

షెన్నోంగ్ కొత్త విగ్రహం దగ్గర ఉత్సవం నడిపే మేనేజరు ఫాంగ్ లికున్ మా పక్క లోయవాడే.

"చివర కొంచెం మార్చాం పెద్దమ్మా," అన్నాడు. "చావు తీసేశాం. తెల్ల కొంగ దిగొస్తుంది, ఆయన దానిమీదెక్కి స్వర్గానికి పోతాడు."

"చావలేదా?"

"పండగపూట చావెందుకు? పైగా పక్కనే మన మూలికల కొట్టు. ఆకు తిని పోయాడని మనమే పాడితే ఎవడు కొంటాడు చెప్పు?"

"మీ నాన్న పోయినప్పుడు నేనే కదరా పాడింది. అప్పుడు కొంగ కావాలని అడిగావా?"

ఫాంగ్ నావైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పక్కా."

నేను డప్పు తీసి ఆమె చేతికిచ్చాను. మా అత్తగారికి లాన్‌షియాంగ్ అని ఒక అక్క ఉండేది. కరువులో గింజలు అయిపోయాక ఇంటిల్లిపాదీ కొండ ఆకులే తిన్నారు. తెలియని ఆకు దొరికితే ముందు లాన్‌షియాంగ్ తినేది. ఆమెకు ఏమీ కాకపోతే చిన్నపిల్లలకు ఉడికించేవారు. ఒకనాడు ఆమె కడుపు పట్టుకుని గుమ్మంలో కూలబడింది, మళ్ళీ లేవలేదు. మిగిలిన ఆకును వాళ్ళమ్మ పొయ్యిలో పడేసింది. ఆ సంగతి మా అత్తగారు నాకు ఒక్కసారే చెప్పింది, ముల్లంగి తరుగుతూ, తలెత్తకుండా.

తన పాత నీలం చొక్కాతోనే ఆమె వేదికెక్కింది. నిచ్చెనలు పాడింది, ఆకులు పాడింది. తీగ నోట్లో పెట్టుకున్న చోటికి రాగానే మైకు ఆగిపోయింది. ఆమె ఆగలేదు. ఇంతలో ఇనప వైర్లకు కట్టిన బొమ్మ కొంగ కిర్రుమంటూ దిగి ఆమె తలమీద వేలాడింది. బస్సుల్లో వచ్చినవాళ్ళు నవ్వుతూ ఫోన్లు ఎత్తారు.

"దాన్ని పైకి లాగండి," అందామె.

ఫాంగ్ పరుగున వచ్చి డప్పు పుల్ల పట్టుకున్నాడు. "పెద్దమ్మా, నా ఉద్యోగం పోతుంది."

"అయితే నన్ను కిందికి తొయ్యి. తోసి ఆపించు. నేనుగా ఆపను."

అతను పుల్ల వదలలేదు. ఆమె దాన్ని అతని చేతిలోనే వదిలేసి అరచేత్తో డప్పు కొట్టింది. అప్పుడు వెనక నుంచి, మెట్లు ఊడ్చే ఆడవాళ్ళు, మూలికలు తవ్వేవాళ్ళు, శవం దగ్గర పలికినట్టే ప్రతి చరణానికీ వంత పలికారు. ఫాంగ్ తల దించుకుని పక్కకు జరిగాడు. షెన్నోంగ్ ఆ వేదిక మీద పూర్తిగా చచ్చిపోయాడు.

బస్సులవాళ్ళు చప్పట్లు కొట్టారు.

దిగుతూ నేను, "మొత్తానికి విన్నారు కదత్తా," అన్నాను.

"ఏం విన్నారు? మనిషి చస్తే చప్పట్లు కొడతారా ఎవరన్నా?" ఆమె గబగబా మెట్లు దిగిపోయింది. ఇంటికొచ్చాక కూడా మొక్కజొన్న జావ ముట్టలేదు.

మళ్ళీ ఆమెను పిలవలేదు. ఫాంగ్ ఉద్యోగం పోలేదు. కొంగ ఇప్పటికీ దిగుతూనే ఉంది. కాకపోతే మెట్లు ఊడ్చే ఆడవాళ్ళలో ఒకావిడ, పెంగ్ చున్‌యే, చలికాలంలో పాట నేర్పమంటూ మా ఇంటికి వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి మా అత్తగారు ఆమెకు మొదటిరోజే చీవాట్లు పెట్టింది.

"అంత మెత్తగా పాడతావేమే? అక్కడ ఒక మనిషి చచ్చిపోతున్నాడు. మళ్ళీ మొదలెట్టు."

చున్‌యే గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది.